పసుపు పట్టీ

ఆదివారం, బుధవారం పొద్దున పదికి
సల్వాలోని ఈ మూడంతస్తుల ఇంటికి బీనా మేడం వస్తాది.
బ్యాగులోంచి రబ్బరు పట్టీ తీస్తాది,
పసుప్పచ్చది, జానెడు వెడల్పు.
పెద్ద మామాకు డెబ్బై ఎనిమిదేండ్లు.
తుంటి విరిగి, అతికి, మళ్లీ నడక నేర్చుకుంటాంది.
పట్టీ ఒక కొస ఆమె పట్టుకోవాల,
రెండో కొస నేను.
"వాహిద్" అని లాగుతాది.
"ఇత్నేన్" అని మూలుగుతాది.
"తలాతా" కాడ నన్ను తిడతాది,
ఆమె ఆస్తి నేనేదో గుంజుకుంటాన్నట్టు.

నాలుగో వారం బీనా మేడం
మామాను కాదు, నన్ను చూసింది.
"ఓబులమ్మా, నీ చేయి వణుకుతాంది."
నాకు నవ్వొచ్చింది.
ఇరవై కిలోల బాస్మతి మూట కారులోంచి వంటింట్లోకి,
తడిసిన తివాచీలు మిద్దె మీదికి,
మామాను మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి కమోడు మీదికి.
పద్దెనిమిదేండ్లుగా ఎత్తుడూ దించుడే నా పని.
నాకు వేరే కసరత్తు దేనికి?

"అదే తప్పు" అనింది.
"ఊపిరి బిగబట్టి, నడుముతో, తొందర తొందరగా ఎత్తుతాండావు,
ఎవరో అరుస్తారని.
అట్ల కండ పెరగదు, అరుగుతాది.
నలభై దాటినాక చెప్పకుండానే కొంచెం కొంచెం జారిపోతాది.
తిరిగి రావాలంటే తేలికపాటి బరువు, మెల్లగా,
నడుమ నడుమ ఒకరోజు విడుపు."

విడుపు.
ఆ మాట విని ఎన్నేండ్లాయెనో.

మామాకు ఎర్ర పట్టీ వచ్చినాక
పాతదని పసుపుది నా చేతిలో పెట్టి పోయింది.
పసుపుదేదైనా సాగుతాదని
నలభై తొమ్మిదేండ్లకు తెలిసింది నాకు.

రాత్రి పదకొండుకు మిద్దె మీద,
ఏసీ డబ్బాలు వేడిగాలి ఊదే మూల,
నీళ్ల ట్యాంకు నిచ్చెనకు తగిలించి లాగుతా.
తర్వాత అర లీటరు నీళ్ల సీసాలు, చేతికొకటి.
మొదటి రోజు సిగ్గేసింది.
ఇంత తేలికదాన్ని ఎత్తి మళ్లీ ఉన్నచోటికే దించడం,
యాడికీ చేర్చకపోవడం,
ఎవరికీ అందీకపోవడం.
ఎనిమిది, తొమ్మిది, పది.
సొంత మాటలో లెక్కపెట్టి ఎన్ని దినాలాయె,
దినార్లు తప్ప.

పక్క మిద్దె మీద బట్టలు తీస్తా
షంషాద్ చూసింది, చిట్వేలి మనిషి.
"ఏందక్కా, ఈ వయసులో పైల్వానుగిరీ?"
"ఆ బకెట్టు బోర్లించి కూర్చో.
చేతులు ఆనించకుండా లేయి, చూస్తా."
మూడుసార్లు లేచింది.
నాలుగోసారి ఆమె చేయి తనంతట తానే
మోకాటి మీదికి పోయింది.
ఇద్దరం దాన్ని చూసినాం,
ఇంట్లో దొరికిన దొంగను చూసినట్టు.

ఇప్పుడు రొమ్మెత్తు గోడకు అటు ఆమె, ఇటు నేను.
చేతులు ఆనించి వంగడం, లేవడం.
ఒకటే గోడను ఇద్దరం రెండుపక్కల నుంచి తోస్తాంటే
అది మాత్రం యాడికి పోతాది పాపం!
దుమ్ము లేచిన రాత్రి మూతికి చున్నీ కట్టుకొని వచ్చింది షంషాద్.
ఆ రోజు విడుపని చెప్పినా వినలేదు.
కూర్చొని వాళ్ల చిన్నదాని పరీక్షల ముచ్చట చెప్పింది.

మొన్న ఆదివారం
మామా ఎర్ర పట్టీ లాగింది.
ఇన్నాళ్లూ ఆమె గెలవాలని నేనే కొంచెం వదిలేదాన్ని.
ఈసారి వదల్లే.
పట్టీ నడిమధ్యన నిలబడి సన్నగా మూలిగింది,
మేమిద్దరం మూలగలేదు.
మామా నన్ను తేరిపార చూసి
"గవియ్యా" అనింది.
గట్టిదానివే అని. అది మెప్పో, తిట్టో.
వెంటనే చాయి తెమ్మనింది.

తెచ్చినా.
ట్రేలో గాజు గ్లాసులు
ఒకదానికొకటి తగిలి చప్పుడు చేయలేదు.
ఆమె కనిపెట్టలే.
రాత్రికి షంషాదుకు చెప్పాల.